కనిపించని కిటికీ: అక్షరాల గురించి రాసిన బియాట్రిస్ వార్డ్



ఎవరి జ్ఞాపకార్థం ఈ సాయంత్రం మనం ఇక్కడ కలుసుకున్నామో ఆయన పేరు నా వెనక బ్యానరు మీద పెద్ద అక్షరాలతో ఉంది. నాకు మాత్రం ఆయన ఎప్పుడూ మాస్టారే. తెనాలిలో మా వీధి చివర ఉండే ప్రెస్సులో ఆయన కంపోజిటర్. బడి వదలగానే పుస్తకాల సంచీతో సరాసరి అక్కడికే వెళ్లేవాణ్ణి. ఎడమ చేతిలో స్టిక్కు పట్టుకుని, కుడిచేత్తో కేసుల్లోంచి ఒక్కో అక్షరం ఏరి పేరుస్తుంటే కదలకుండా చూసేవాణ్ణి. సీసపు అక్షరాలను తలకిందులుగా చదవడం నాకు నేర్పింది ఆయనే. ఇంగ్లీషు కేసు చేతికందే మేరలో ముగిసేది. తెలుగు కేసులు మనిషి చుట్టూ ఉండేవి. గుణింతాలు ఒకచోట, వత్తులు ఒకచోట, సంయుక్తాక్షరాలు మరోచోట. రోజంతా ఆయన కాళ్లు, చేతులు, కళ్లు కలిసి తిరిగేవి.

ఒకరోజు అడిగాను: "మాస్టారూ, మీరు ఇంత కష్టపడ్డారని చదివేవాళ్లకి తెలుస్తుందా?" ఆయన చేతిలోని స్టిక్కు కింద పెట్టకుండానే అన్నారు: "తెలియక్కర్లేదురా. వాళ్లు మధ్యలో ఆగారంటే మనమే ఎక్కడో తప్పు చేసుంటాం."

చాలా ఏళ్ల తరువాత, పుస్తకాల పేజీలు దిద్దడమే నా వృత్తి అయ్యాక, ఇదే ఆలోచనను 1930లో లండన్‌లో ఒక అమెరికన్ యువతి ముద్రణ పనివారి ముందు వివరించిందని చదివాను. ఆమె పేరు బియాట్రిస్ వార్డ్. ఆమె ఒక్క టైపూ, అంటే అచ్చు అక్షరాల రూపం ఒక్కటి కూడా, తయారు చేయలేదు. ఆమె చేసిన పని రాయడం, మాట్లాడటం. అక్షరాలు చెక్కేవారికీ, అచ్చు వేసేవారికీ, చదివేవారికీ మధ్య నిలబడి ఒకరి పనిని మరొకరికి అర్థమయ్యేలా చెప్పింది. ఏ కళకైనా చేసేవాళ్లు ఉంటే చాలదు, దాన్ని చూసే కన్నును లోకానికి ఇచ్చే రచయిత కూడా కావాలి. తెలుగు అక్షరానికి అలాంటి రచయితలు చాలా తక్కువ. అందుకే మాస్టారి పేరున జరిగే ఈ సభలో ఆమె గురించి మాట్లాడాలనుకున్నాను.

తల్లి కలం, టైపు గ్రంథాలయం

బియాట్రిస్ 1900 సెప్టెంబరు 20న న్యూయార్క్‌లో పుట్టింది. తండ్రి గుస్తావ్ బెకర్ సంగీతకారుడు. తల్లి మే లాంబర్టన్ బెకర్ పేరున్న పత్రికా రచయిత్రి. ఏ పుస్తకం చదవమంటారని అడిగే పాఠకులకు జవాబులిస్తూ ఏళ్ల తరబడి పత్రికల్లో శీర్షిక నడిపారు. పుస్తకానికీ పాఠకుడికీ మధ్య నిలబడి దారి చూపడం ఆ ఇంట్లో తల్లి వృత్తి. కూతురు కూడా జీవితమంతా ఆ పనే చేసింది. తల్లి పుస్తకంలోని మాటల గురించి రాస్తే, కూతురు ఆ మాటలు వేసుకున్న అక్షరాల గురించి రాసింది.

బార్నార్డ్ కాలేజీలో చదివే రోజుల్లోనే బియాట్రిస్‌కు అందమైన చేతిరాత మీద, అక్షరరూపాల మీద ఆసక్తి కలిగింది. 1921లో చదువు పూర్తయ్యాక, ఆ కాలపు అమెరికాలో గొప్ప పుస్తకరూపశిల్పిగా పేరున్న బ్రూస్ రోజర్స్ సిఫారసుతో జెర్సీ సిటీలోని అమెరికన్ టైప్ ఫౌండర్స్ కంపెనీ గ్రంథాలయంలో సహాయకురాలిగా చేరింది. ఆ గ్రంథాలయాన్ని పెంచి పోషించినవాడు హెన్రీ లూయిస్ బుల్లెన్. ముద్రణ చరిత్రకు సంబంధించి ప్రపంచం నలుమూలల నుంచి తెప్పించిన పుస్తకాలు, పాత టైపు నమూనా పత్రాలు అక్కడ ఉండేవి. మనం సంస్కృత పాఠశాలలో గురువు దగ్గర కూర్చుని చదువుకున్నట్టు, ఆమె బుల్లెన్ దగ్గర కూర్చుని అక్షరాల వంశవృక్షం నేర్చుకుంది.

1922లో ఫ్రెడెరిక్ వార్డ్ అనే టైపోగ్రాఫర్‌ను, అంటే అచ్చు అక్షరాలతో పేజీని తీర్చేవాణ్ణి, పెళ్లి చేసుకుంది. 1925లో ఇద్దరూ ఐరోపా వెళ్లారు. ఆ దాంపత్యం ఎక్కువ కాలం నిలవలేదు. భర్త ఇంటిపేరు మాత్రం ఆమెకు నిలిచిపోయింది. ఆమె ఇంగ్లండులోనే స్థిరపడింది.

గారమాండ్ ఎవరు?

ఆమెకు పేరు తెచ్చిన పరిశోధన ఒక చిన్న సందేహంతో మొదలైంది. క్లాడ్ గారమాండ్ 16వ శతాబ్దంలో పారిస్‌లో ఉక్కు కడ్డీల కొనల మీద అక్షరాలు చెక్కిన మహా పనివాడు. 1561లో చనిపోయాడు. ఆయన చెక్కినదని చెప్పే పాత టైపు ఒకటి ఫ్రాన్సు ప్రభుత్వ ముద్రణాలయంలో భద్రంగా ఉండేది. 20వ శతాబ్దం మొదట్లో అది మళ్లీ వెలుగులోకి రాగానే కొన్ని పెద్ద కంపెనీలు దాన్ని చూసి కొత్త టైపులు పోసుకుని, 'గారమాండ్' అని పేరు పెట్టి అమ్మడం మొదలుపెట్టాయి. అమెరికన్ టైప్ ఫౌండర్స్ వారిదీ, 1922లో వచ్చిన బ్రిటిష్ మోనోటైప్ కంపెనీ వారిదీ ఆ కోవలోవే.

బుల్లెన్‌కు మాత్రం అనుమానం. తాను వేలకొద్దీ పాత పుస్తకాలు తిరగేశాడు గానీ, 16వ శతాబ్దపు పుస్తకం ఒక్కదానిలోనూ ఈ టైపు కనపడలేదని ఆమెతో అన్నాడు. గారమాండ్ తన కాలంలో చెక్కిన అక్షరమైతే ఆ కాలపు పుస్తకాల్లో ఎందుకు లేదు? తన కంపెనీ అమ్ముతున్న టైపు గురించే ఆ లైబ్రేరియన్‌కు ఈ ప్రశ్న పుట్టింది. ఆమె ఆ ప్రశ్నను మనసులో పెట్టుకునే సముద్రం దాటింది.

లండన్‌లోనూ పారిస్‌లోనూ గ్రంథాలయాల్లో కూర్చుని పేజీ పేజీ పోల్చింది. పోలిక అంటే పైపైన చూసి ఇది అలాగే ఉందనడం కాదు. ఒక అక్షరం కాలు ఎక్కడ వంగింది, పక్కకు వాలే అక్షరాల్లో ఏది ఎంత వాలింది, ఏ గీత ఎక్కడ సన్నబడింది అని ఒక్కొక్కటీ చూడాలి. చివరకు దొరికిన పేరు ఝాన్ ఝనోన్. 1580లో పుట్టిన ఈయన ఫ్రాన్సు సరిహద్దు పట్టణమైన సెడాన్‌లో ముద్రాపకుడు. 1621లో ఆయన తన టైపుల నమూనా పుస్తకం ఒకటి అచ్చు వేశాడు. పారిస్‌లోని మజరీన్ గ్రంథాలయంలో ఆమె దాన్ని తెరిచి చూసేసరికి అనుమానం తీరిపోయింది. లోకమంతా గారమాండ్ అని కొలుస్తున్న అక్షరాలు ఆయన పోయిన చాలా ఏళ్లకు మరొకరు చెక్కినవి.

ఈ పరిశోధన 1926లో ఇంగ్లండు నుంచి వెలువడే 'ద ఫ్లూరాన్' అనే పత్రిక 5వ సంచికలో వచ్చింది. టైపోగ్రఫీ కోసమే నడిచిన ఆ పత్రిక 1923 నుంచి 1930 వరకు ఏడు సంచికలు మాత్రమే వెలువడింది. అయినా ఇప్పటికీ ముద్రణ చరిత్ర చదివేవాళ్లు దాన్ని వెతుక్కుని చదువుతారు. వ్యాసం కింద రచయిత పేరు బియాట్రిస్ వార్డ్ అని లేదు. 'పాల్ బోజోన్' అని ఉంది.

మగపేరు వెనక

ఎందుకు మగపేరు? భర్త కూడా అదే రంగంలో ఉన్నాడు కాబట్టి ఒకే ఇంటిపేరుతో ఇద్దరు రాస్తే గందరగోళం అవుతుందన్నది ఒక కారణం. రెండోది ఇంకా బలమైనది. సీసం, సిరా, ఇనుప యంత్రాల లోకంలో ఒక యువతి రాసిన పరిశోధనను ఎవరూ పట్టించుకోరన్న సంగతి ఆమెకు బాగా తెలుసు. అందుకే బోజోన్ అనే ఫ్రెంచి పెద్దమనిషిని సృష్టించింది. గడ్డం, మనవలు, పారిస్‌లో ఇల్లు, పాత వస్తువులంటే ఇష్టం, అన్నీ కల్పించి ఇచ్చింది.

ఆ వ్యాసం చదివి లండన్‌లోని మోనోటైప్ కార్పొరేషన్ తమ పత్రిక 'మోనోటైప్ రికార్డర్' సంపాదకత్వం చేపట్టమని పాల్ బోజోన్‌గారికి ఉత్తరం రాసింది. 1927లో ఆ ఉద్యోగానికి వచ్చింది ఇరవై ఆరేళ్ల అమెరికన్ యువతి అని చూసి వాళ్లు నివ్వెరపోయారు. అయినా ఉద్యోగం ఇచ్చారు. 1929లో ఆమె ప్రచార విభాగం అధిపతి అయింది. 1960లో పదవీ విరమణ చేసేదాకా ఆ పదవిలోనే ఉంది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఆమె పరిశోధన వల్ల తప్పుడు పేరున్నదని తేలిన టైపుల్లో మోనోటైప్ వారి సొంత టైపు కూడా ఒకటి. తమ సరుకు చీటీ మీద తప్పుందని రుజువు చేసిన మనిషినే పిలిచి సంపాదకత్వం ఇచ్చారు. తప్పు చూపినవాళ్లను దూరం పెట్టే చోట విమర్శ పెరగదు. ఆమె ఎదుగుదలలో ఆ పిలుపుకూ వాటా ఉంది. ఇంకో చిత్రం కూడా చెబుతాను. మన కంప్యూటర్లలో ఫాంట్ల జాబితాలో 'గారమాండ్' అని కనిపించే మోనోటైప్ అక్షరం ఈ రోజుకీ ఝనోన్ అక్షరమే. వందేళ్లు దగ్గరపడుతున్నా చీటీ మారలేదు.

యంత్రానికి చదువు చెప్పినవాళ్లు

మోనోటైప్ అంటే ఏమిటో ఈ కాలపు పిల్లలకు చెప్పాలి. అమెరికాకు చెందిన టోల్బర్ట్ లాన్‌స్టన్ రూపొందించిన యంత్రం అది. ఒక మనిషి మీటల ముందు కూర్చుని టైపు చేస్తే కాగితపు చుట్ట మీద రంధ్రాలు పడతాయి. ఆ చుట్టను పోత యంత్రంలో పెడితే, రంధ్రాల్లోంచి పోయే గాలి ఒత్తిడితో ఏ అచ్చు పోయాలో యంత్రానికి తెలుస్తుంది. కరిగిన సీసంతో ఒక్కో అక్షరం విడివిడిగా పోసి వరుస కడుతుంది. అక్షరాల వెడల్పును 18 భాగాల కొలతలో లెక్కకట్టేవారు. లైనోటైప్ అనే మరో యంత్రంలో వరుస మొత్తం ఒకే సీసపు కడ్డీగా వస్తుంది, ఒక్క అక్షరం తప్పయితే వరుస మొత్తం మళ్లీ పోయాలి. మోనోటైప్‌లో ఆ ఒక్క అక్షరం తీసి మార్చవచ్చు. అందుకే పుస్తకాల పనికి అది పేరు తెచ్చుకుంది.

యంత్రం ఎంత గొప్పదైనా దానికి మంచి అక్షరాలు కావాలి. ఆ పని 1920ల్లో స్టాన్లీ మోరిసన్ చేతికి వచ్చింది. ఆయన కంపెనీకి టైపోగ్రఫీ సలహాదారు. పధ్నాలుగేళ్లకే బడి మానేసి, గుమాస్తాగా పనిచేసి, సొంతంగా చదువుకుని పైకి వచ్చిన మనిషి. బాస్కర్‌విల్, ఫూర్నియే, బెంబో వంటి పాత అక్షరాలు ఆయన హయాంలో యంత్రానికి మళ్లీ వచ్చాయి. ఎరిక్ గిల్ గీసిన గిల్ శాన్స్, పెర్పెచువా అప్పుడే పుట్టాయి. లండన్ 'టైమ్స్' పత్రిక అచ్చు బాగాలేదని మోరిసన్ విమర్శిస్తే, అయితే మీరే చేసి చూపండని ఆ పత్రిక ఆయనకే అప్పగించింది. విక్టర్ లార్డెంట్ చేత్తో గీసిన ఆ కొత్త అక్షరం 1932 అక్టోబరు 3న పత్రికలో కనపడింది. మనం కంప్యూటర్లో ఇంగ్లీషు ఉత్తరం రాసేటప్పుడు ఎన్నోసార్లు వాడిన టైమ్స్ న్యూ రోమన్ అదే.

సలహాదారు ఎంచిన అక్షరాలు ప్రెస్సుదాకా చేరాలంటే మధ్యలో చెప్పేవాళ్లు కావాలి. ఏ టైపు ఏ పనికి, ఏ కాగితానికి, ఏ సైజులో నప్పుతుందో చిన్న ఊళ్లో ప్రెస్సు నడిపే మనిషికి ఎవరు చెబుతారు? ఆ పని బియాట్రిస్ చేసింది. పత్రిక నడిపింది, నమూనా పత్రాలు తయారు చేయించింది, ఊరూరా తిరిగి ముద్రణ పాఠశాలల్లో అప్రెంటిస్ కుర్రాళ్లకు పాఠాలు చెప్పింది. కాగితం చేతిలో లేకుండా గంటసేపు మాట్లాడి సభను కదలనివ్వని శక్తి ఆమెది.

ఆమె జీతం తీసుకున్నది యంత్రాలు అమ్మే కంపెనీ దగ్గర. ప్రచారం ఆమె ఉద్యోగం. అయితే ప్రచారానికి ఆమె ఎంచుకున్న దారి వేరు. మా యంత్రం కొనండి అని అరవలేదు. అక్షరం అంటే ఏమిటో నేర్పింది. నేర్చుకున్నవాడు మంచి అక్షరం తనే అడుగుతాడన్న నమ్మకం ఆమెది. చదువు చెప్పడాన్ని మించిన ప్రచారం లేదని ఆమె ముప్పై మూడేళ్ల ఉద్యోగం రుజువు చేసింది.

1932లో పెర్పెచువా పెద్ద అక్షరాల నమూనా చూపడానికి ఆమె ఒక చిన్న ప్రకటన రాసింది. ఇది అచ్చుకూటం అని మొదలయ్యే ఆ కొద్ది పంక్తులు, ఆ గడపలో అడుగు పెట్టేవాడికి తాను నిలబడిన చోటు ఎంత పవిత్రమైనదో గుర్తు చేస్తాయి. టైపు నమూనా కోసం రాసిన కాగితం అది. దేశదేశాల ప్రెస్సుల గోడలకెక్కింది. వాషింగ్టన్‌లోని అమెరికా ప్రభుత్వ ముద్రణాలయం ప్రవేశద్వారం దగ్గర కంచు పలక మీద చెక్కించి పెట్టారు.

గాజు పాత్ర

ఇక ఆ ప్రసిద్ధ ప్రసంగం. 1930 అక్టోబరులో లండన్‌లోని సెయింట్ బ్రైడ్ ఇన్‌స్టిట్యూట్‌లో టైపోగ్రాఫర్ల సంఘం ముందు ఆమె మాట్లాడింది. ముద్రణ కంటికి కనిపించకూడదన్నది విషయం. తరువాత 'ద క్రిస్టల్ గాబ్లెట్' అన్న పేరుతో అది లోకానికి తెలిసింది. 1955లో ఆమె వ్యాసాలు పదహారు కలిపి పుస్తకంగా వేసినప్పుడు పుస్తకానికీ అదే పేరు పెట్టారు.

ఆమె చెప్పిన పోలిక ఇది. మీ ముందు మంచి ద్రాక్షసారా ఉంది. రెండు పాత్రలు ఉన్నాయి. ఒకటి నగిషీలు చెక్కిన బంగారు పాత్ర, రెండోది నీటిబుడగలా పల్చని స్వచ్ఛమైన గాజు పాత్ర. ద్రాక్షసారా రుచి తెలిసినవాడు గాజు పాత్రే ఎంచుకుంటాడు, ఎందుకంటే అందులో ఉన్నదాని రంగు, తేట అతనికి కనపడాలి. బంగారు పాత్ర తనను చూపించుకుంటుంది. గాజు పాత్ర తనలో ఉన్నదాన్ని చూపిస్తుంది. గాజు పాత్రకు కాడ ఉన్నది వేళ్ల మరకలు గిన్నెకు అంటకుండా ఉండటానికి. పుస్తకం పేజీ చుట్టూ వదిలే అంచు ఖాళీ కూడా అలాంటిదే, చదివేవాడి బొటనవేలు మాటల మీద పడకుండా కాస్తుంది. మరో పోలికలో పుస్తకరూపశిల్పి గదిలో కూర్చున్న పాఠకుడికీ, బయట రచయిత మాటల ప్రకృతికీ మధ్య కిటికీ బిగించేవాడు. రంగుటద్దాలు పెట్టి అందమైన కిటికీ చేయవచ్చు, కాని బయట ఏమీ కనపడకపోతే అది కిటికీగా ఓడిపోయినట్టే.

మన మధ్య ఇదే మాట చెప్పాలంటే నాకు తంబూరా గుర్తొస్తుంది. కచేరీలో తంబూరాను వినడానికి ఎవరూ టికెట్ కొనరు. శ్రుతి సరిగా ఉన్నంతసేపూ దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఒక్క తీగ వదులైతే చాలు, గాయకుడితో పాటు సభంతా ఇబ్బంది పడుతుంది. పుస్తకంలో అక్షరం చేసే పని కూడా అంతే.

ఆ ప్రసంగంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచిన భాగం మరొకటి. కంటికి ఆనడం వేరు, చదివించుకోవడం వేరు అని ఆమె తేల్చి చెప్పింది. లావుపాటి పెద్ద అక్షరం పరీక్షశాలలో దూరం నుంచి బాగా కనపడవచ్చు. ఒక పదం చదవడానికి అది గొప్పదే. మూడు వందల పేజీలు చదవడానికి కాదు. గట్టిగా అరిచేవాడి మాట బాగా వినపడుతుంది, కాని ఆ గొంతుతో రెండు గంటలు కథ చెబితే ఎవరు వింటారు? కథ చెప్పేవాడి గొంతు కొంతసేపటికి మన ధ్యాసలోంచి తప్పుకుని, కథ ఒక్కటే మిగలాలి.

ఈ మాట నేను నా తప్పు ద్వారా నేర్చుకున్నాను. వృత్తిలో చేరిన కొత్తలో ఒక కథల సంపుటికి ముద్దుముద్దుగా వంపులు తిరిగిన ఫాంటు ఎంచి, పేజీలన్నీ దానితోనే పెట్టాను. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. మూడు నెలల తరువాత ఆ రచయితగారు కనపడి, "బాబూ, మా అమ్మగారు రెండు కథలకే కళ్లు నొప్పులంటున్నారయ్యా" అన్నారు. ఆ పెద్దావిడ కోసమే ఆ పుస్తకం అచ్చయిందన్న సంగతి నేను మరిచిపోయాను.

బాంబుల మధ్య పుస్తకాలు

రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఆమె లండన్ వదిలి వెళ్లలేదు. అమెరికాలో తల్లికి రాసిన ఉత్తరాలు 1941లో 'బాంబ్డ్ బట్ అన్‌బీటెన్' పేరుతో న్యూయార్క్‌లో పుస్తకంగా వచ్చాయి. యుద్ధం వల్ల సముద్రం మీద సరుకు రవాణా కుదించుకుపోయింది. అత్యవసరం కానివాటిలో పుస్తకాలూ చేరాయి. రెండు దేశాల పాఠకులకు ఒకరి పుస్తకాలు ఒకరికి అందకుండా పోయాయి. ఆమె లండన్‌లోనూ, తల్లి న్యూయార్క్‌లోనూ 'బుక్స్ అక్రాస్ ది సీ' అనే ఉద్యమం నడిపారు. ప్రయాణికుల సామానులో ఒకటి రెండు చొప్పున పుస్తకాలు పంపించి, రెండు వైపులా పాఠకులకు అందించారు. కవి టి.ఎస్. ఎలియట్ ఈ సంస్థకు బ్రిటన్ వైపు నాయకత్వం వహించాడు. తల్లీ కూతుళ్లు సముద్రానికి చెరో ఒడ్డున నిలబడి ఒకే పని చేసిన ఘట్టం ఇది.

పదవీ విరమణ తరువాత కూడా ఆమె మాట్లాడుతూనే ఉంది. 1969 సెప్టెంబరులో, 69వ పుట్టినరోజుకు కొద్ది రోజుల ముందు, కన్ను మూసింది.

ఆమెతో వాదన

స్మారక ఉపన్యాసంలో పొగడ్త ఒక్కటే ఉంటే అది ఆమెకు నచ్చేది కాదు. తప్పు పేరును తప్పని చెప్పి పైకి వచ్చిన మనిషి ఆమె. కాబట్టి ఆమె సిద్ధాంతానికి వచ్చిన అభ్యంతరాలు కూడా చెబుతాను.

జర్మనీలో యాన్ చికోల్డ్ 1928లోనే కొత్త టైపోగ్రఫీ కావాలని పుస్తకం రాశాడు. పాత సమతూకం వద్దు, పేజీ తన కాలాన్ని చాటాలి అన్నాడు. తరువాత ఆయనే మనసు మార్చుకుని సంప్రదాయ పద్ధతికి వచ్చి, యుద్ధం తరువాత పెంగ్విన్ పుస్తకాల రూపాన్ని తీర్చిదిద్దాడు. 1980ల తరువాత మరో తరం వచ్చింది. అసలు కనిపించని అక్షరం అంటూ ఏదీ లేదు, మీకు అలవాటైన అక్షరమే మీకు కనిపించకుండా పోతుంది అంది. ఈ మాటలో నిజం ఉంది. మనకు చిత్రకారులు బాపుగారి చేతిరాత కళ్లలో పడగానే ఆ గీత ఎవరిదో తెలిసిపోతుంది. అట్ట మీద, శుభలేఖ మీద, కథ పేరు మీద ఆ అక్షరం తనను తాను చూపించుకోవాలి, అదే దాని పని. అదే అక్షరంతో నవల మొత్తం అచ్చు వేస్తే బాపుగారికీ న్యాయం జరగదు, నవలకూ జరగదు. బియాట్రిస్ చెప్పింది చదువుకునే పుస్తకం గురించి. ఆ హద్దు గుర్తుంచుకుంటే ఆమె మాట ఇప్పటికీ నిలబడుతుంది.

నా అభ్యంతరం మరొకటి, అది ఆమె మీద కాదు, ఆమె కాలం మీద. పనిమంతుడు తన పనిలో తనను దాచుకోవడం ఒక సంస్కారం. ఆ పని చేసినవాళ్లను లోకం లెక్కలోంచి తీసేయడం అన్యాయం. సర్రేలోని సాల్‌ఫోర్డ్స్‌లో మోనోటైప్ కర్మాగారం ఉండేది. అక్కడి గీత విభాగంలో అక్షరాలను పెద్దగా, అతి సూక్ష్మంగా గీసి యంత్రానికి సిద్ధం చేసినవాళ్లలో ఎక్కువమంది స్త్రీలు. టైపుల చరిత్ర పుస్తకాల్లో పురుషుల పేర్లే కనిపిస్తాయి. ఈ గీతలు గీసిన చేతులు ఎవరివో బ్రిటన్‌లోని పరిశోధకులు ఈ మధ్యనే వెతికి తీస్తున్నారు. ఆ పరిశోధనకు దారి చూపినవారిలో, బెంగాలీ వంటి మన దేశ లిపులకు లైనోటైప్ కంపెనీలో ఎంతో పనిచేసిన ఫియోనా రాస్ కూడా ఉన్నారు. కనిపించని కిటికీ గురించి అంత గొప్పగా చెప్పిన బియాట్రిస్ కూడా తన మొదటి గొప్ప వ్యాసాన్ని తన పేరుతో వేయించుకోలేకపోయింది.

తెలుగు పేజీ

ఈ కథ మనకు ఏం చెబుతుంది? మన అక్షరానికి మన సమస్యలు ఉన్నాయి. ఇంగ్లీషు అక్షరాలు ఒక గీత మీద వరుసగా నడుస్తాయి. తెలుగు అక్షరం పైకీ కిందికీ పెరుగుతుంది. 'స్త్రీ', 'రాష్ట్రం' వంటి మాటల్లో వత్తు కింద వత్తు చేరుతుంది, 'స్త్రీ'లో అయితే పైన గుడిదీర్ఘం కూడా ఉంటుంది. ఇంగ్లీషు కొలతతో వరుసల మధ్య ఖాళీ పెడితే పై వరుస వత్తు కింది వరుస గుడిని ఢీకొంటుంది. 'ప'కూ 'ఫ'కూ, 'ద'కూ 'ధ'కూ తేడా అడుగున ఒక చిన్న గీత. చిన్న సైజులో, పీల్చే కాగితం మీద సిరా ఎక్కువైతే ఆ గీత పోతుంది. ఆ గీత పోతే మాట మారుతుంది. మాస్టారికి ఇవన్నీ చేతి వేళ్లలో ఉండేవి. ఆయన తరం పోయాక ఆ తెలివి కంప్యూటర్లోకి మొత్తంగా దిగలేదు.

ఈ రోజు మనకు ఫాంట్ల కరువు లేదు. మండలి, రామభద్ర, గురజాడ, సూరన్న వంటివి ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. కరువు వాటి గురించి చెప్పేవాళ్లకు. ఏది శీర్షికకు, ఏది పాఠానికి? ఏ సైజులో ఏది నలుగుతుంది? ముసలి కళ్లకు ఏది సుఖం, ఒకటో తరగతి పిల్లవాడికి ఏది స్పష్టం? ఈ ప్రశ్నలకు జవాబులు తెలుగులో, తెలుగు పేజీలు చూపిస్తూ రాసిన పుస్తకాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మన సాహిత్య విమర్శ కవిత్వంలో ప్రతి మాటనూ తరచి చూస్తుంది, ఆ మాట అచ్చైన అక్షరం మీద ఒక్క వాక్యం రాయదు.

కాబట్టి మూడు విన్నపాలు చేసి ముగిస్తాను.

పత్రికా సంపాదకులకు: పుస్తక సమీక్షలో ఒక్క పేరా అచ్చు గురించి, పేజీ గురించి రాయించండి. బాగుంటే ఎందుకు బాగుందో, బాగాలేకపోతే ఎందుకు లేదో చెప్పించండి. సమీక్షకులకు తెలియకపోతే నేర్చుకుంటారు. బియాట్రిస్ కూడా నేర్చుకునే మొదలుపెట్టింది.

జర్నలిజం, లలితకళల విద్యార్థులకు: మీ ఊళ్లో మిగిలిన పాత ప్రెస్సులకు వెళ్లండి. సీసం అక్షరాలు పేర్చిన మనుషులు ఇంకా కొందరున్నారు. వాళ్ల పక్కన కూర్చుని, వాళ్లు చెప్పింది మీ పేరుతో, వాళ్ల పేరుతో రాయండి. ఆ పని ఇంకో పదేళ్లు ఆగితే చెప్పేవాళ్లు ఉండరు.

ప్రచురణకర్తలకు: పుస్తకం మొదటి పేజీల్లో ప్రచురణ వివరాలు వేసేచోట రెండు పంక్తులు చేర్చండి. ఫాంటు పేరు, దాన్ని రూపొందించినవారి పేరు. పేజీలు కూర్చినవారి పేరు. దానికి ఖర్చు లేదు.

మాస్టారు తన జీవితంలో వందల పుస్తకాలు కూర్చారు. వాటిలో ఒక్కదానిలోనూ ఆయన పేరు లేదు. అది మొదటిసారి పెద్ద అక్షరాలతో కనపడింది ఈ బ్యానరు మీద. ఈ ఉపన్యాసం చిన్న పుస్తకంగా వస్తుందని నిర్వాహకులు చెప్పినప్పుడు ఒక్క మాట అడిగాను. చివరి పేజీలో ఫాంటు పేరు, పేజీలు పెట్టిన అమ్మాయి పేరు వేయమని. వేస్తామన్నారు.